తొలి పట్టు జారనీయొద్దు

*కడుపులో బిడ్డ మెదడును కణాలే ఒకదాని చేయి ఒకటి పట్టుకొని కట్టుకుంటాయి. ఆ పట్టు సడలించేవి కొన్ని మన నీళ్లలో ఉన్నాయి, కొన్ని మనం ప్రేమగా అందించే గ్లాసులో ఉన్నాయి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంటింటా మాట్లాడుకోవాల్సిన ముచ్చట ఇది.*

దేవరకొండ నుంచి కల్వకుర్తి వైపు పోయే దారి. ఎండ అప్పుడప్పుడే చురుక్కుమంటోంది. రోడ్డు పక్కన తాటివనంలో ఒక గౌడన్న మోకును మాను చుట్టూ తిప్పి నడుముకు వేసుకున్నాడు. మోకు సడలించి, మూరెడు పైకి ఎగరేసి, గట్టిగా బిగించాడు. ఆ బిగువు మీద ఒళ్లంతా వాల్చి కాళ్లు పైకి జరిపాడు. మళ్లీ సడలించాడు, మళ్లీ బిగించాడు. చూస్తుండగానే మట్టల్లో కలిసిపోయాడు.

కింద నీడలో ఉపాధి హామీ పని ముగించుకొని వచ్చిన ఆడవాళ్లు కూర్చున్నారు. గడ్డపారలు, తట్టలు పక్కన పడేశారు. వాళ్లలో ఒకామెకు ఐదో నెల. చెంగుతో ముఖం తుడుచుకుంటూ నడుము పట్టుకుని కూర్చుంది. పక్కనున్న పెద్దావిడ లొట్టిలోంచి గ్లాసు నింపి ఆమె ముందు పెట్టింది.

"తాగు బిడ్డా, నడుము గుంజుడు తగ్గుతది. ఎండకు కల్లు చలువ."

"వద్దు పెద్దమ్మా, ఆశక్క తాగొద్దన్నది."

"గింతకేమైతది? మేం తాగి కనలేదా?"

పెద్దదాని మాట కాదనలేక ఆ పిల్ల సగం గ్లాసు తాగింది. పెద్దావిడ మనసులో ప్రేమ తప్ప ఇంకేం లేదు. పొద్దుటి నుంచి మట్టి మోసిన చుట్టం బిడ్డకు తన దగ్గర ఉన్నదాన్నే ఇచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ కడుపులో కోట్ల కణాలు గౌడన్న లాగే పైకి ఎక్కుతున్నాయి. సడలిస్తూ, బిగిస్తూ, ఒక్కో అడుగూ జరుగుతూ. వాటికీ మోకులున్నాయి. సగం గ్లాసు కల్లు ఆ మోకుల దాకా పోతుంది.

2025 జూలైలో కూకట్‌పల్లి పరిసరాల్లో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయాక రాష్ట్రమంతా కల్లు గురించి మాట్లాడుకుంది. ఎవరు కలిపారు, ఏం కలిపారు, ఎందరు పోయారు అని లెక్కలు తీశారు. ఇంకా పుట్టని బిడ్డ ఆ లెక్కల్లోకి రాలేదు. ఈ కథనం ఆ బిడ్డ గురించి.

కణానికీ ఒక మోకు

పెద్దల మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని అంచనా. అవన్నీ ఉన్నచోటే పుట్టవు. పిండం మెదడులో లోపలి పొర దగ్గర పుట్టి, పై పొరల దాకా ప్రయాణం చేస్తాయి. రెండో నెలలో మొదలై ఆరో నెల వచ్చేసరికి ఈ వలస చాలావరకు ముగుస్తుంది. దారి చూపడానికి లోపలి నుంచి బయటి దాకా సన్నటి తీగల్లాంటి కణాలు నిలువుగా నిలబడి ఉంటాయి. నాడీకణాలు ఆ తీగలను కరచుకొని, తాటిచెట్టు ఎక్కినట్టే పైకి పాకుతాయి. పాస్కో రాకిచ్ అనే శాస్త్రవేత్త 1972లో కోతి పిండాల మెదడులో ఈ ప్రయాణాన్ని కళ్లకు కట్టినట్టు చూపించాడు.

పాకే కణం తీగను దేనితో పట్టుకుంటుంది? కణం ఒంటి మీద కొక్కేల్లా బయటికి పొడుచుకొచ్చిన ప్రొటీన్లు ఉంటాయి. సైన్సు భాషలో వీటిని సెల్ అడ్హెషన్ మాలిక్యూల్స్ అంటారు. మనం పట్టు ప్రొటీన్లు అనుకుందాం. ఒక కణం కొక్కెం పక్క కణం కొక్కేన్ని తాకుతుంది. జోడీ కుదిరితే పట్టుకుంటుంది, కుదరకపోతే దాటిపోతుంది.

పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. మోకు బిగించి ఊరుకున్న గౌడన్న చెట్టు ఎక్కలేడు. అందుకే ఎన్‌క్యామ్ అనే పట్టు ప్రొటీన్‌కు పిండం దశలో జారుడుగా ఉండే చక్కెర గొలుసుల పూత ఉంటుంది. కదలాల్సిన కాలంలో ఆ పూత దండిగా ఉంటుంది, కుదురుకోవాల్సిన కాలంలో తగ్గిపోతుంది. సడలింపూ బిగింపూ వేళ తప్పకుండా జరిగితేనే కణం తన చోటికి చేరుతుంది.

విడదీసినా వెతుక్కుంటాయి

కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సంగతి స్పష్టంగా బయటపడింది కప్పజాతి జీవుల పిండాల్లో. టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనే ఇద్దరు 1955లో ఒక ప్రయోగం ప్రచురించారు. పిండాన్ని విడి కణాలుగా విడదీశారు. చర్మం కావాల్సినవి, మెదడు కావాల్సినవి అన్నీ కలగలిపేశారు. జాతరలో తప్పిపోయిన పిల్లలు తమవాళ్లను వెతుక్కున్నట్టు ఆ కణాలు వెతుక్కున్నాయి. చర్మం కణాలు బయటికి చేరి ఒక్కటయ్యాయి, నాడీకణాలు లోపలికి చేరి ఒక్కటయ్యాయి. ఎవరూ దారి చూపలేదు. తనవాళ్లెవరో ప్రతి కణానికీ తెలుసు.

ఎలా తెలుసు? రోజర్ స్పెర్రీ 1963లో ఒక జవాబు చెప్పాడు. ప్రతి నాడీ పోగు మీదా ఒక రసాయన గుర్తు ఉంటుంది, ఆ గుర్తుకు సరిపోయే చోటునే అది వెతుక్కుంటుంది అన్నాడు. పోచంపల్లి చీర నేయడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కత్ నేతలో బట్ట మీద రంగు వేయరు. మగ్గం ఎక్కకముందే నూలుకు లెక్క ప్రకారం ముడులు కట్టి రంగు అద్దుతారు. నేస్తున్నప్పుడు పోగు మీది గుర్తు పక్క పోగు గుర్తును కలుసుకుంటుంది, పువ్వు దానంతటదే పూస్తుంది. ఒక్క పోగు జరిగితే పువ్వు అంచు చెదిరిపోతుంది. మెదడు అల్లికా అలాంటిదే. గుర్తులు ముందే ఉంటాయి, పోగులు ఒకదాన్నొకటి కలుసుకోవడమే మిగిలిన పని.

> పట్టు ప్రొటీన్లను పట్టుకున్నది వీళ్లు
>
> కాల్షియం కథ: జపాన్ శాస్త్రవేత్త మసతోషి టకేయిచి అమెరికా వెళ్లి పనిచేస్తున్నప్పుడు, తన దేశంలో చక్కగా అతుక్కున్న కణాలు అక్కడ అతుక్కోలేదు. వెతికి చూస్తే, అక్కడి ద్రావణంలో కాల్షియాన్ని లాగేసే పదార్థం ఉంది. కాల్షియం లేకపోతే పట్టు లేదు! ఆ దారిలో దొరికిన ప్రొటీన్లే క్యాడ్‌హెరిన్లు.
>
> ఎన్‌క్యామ్: యాంటీబాడీల నిర్మాణానికి 1972లో నోబెల్ అందుకున్న జెరాల్డ్ ఎడెల్మన్ బృందం 1970ల చివర్లో వెలికితీసింది.
>
> ఎల్1: జర్మనీలో మెలిట్టా షాక్నర్ బృందం 1980ల్లో గుర్తించింది. పొడవాటి నాడీ పోగులకు దారి చూపడం దీని పని.
>
> న్యూరెక్సిన్లు: సాలీడు విషం నాడుల మీద దేన్ని పట్టుకుంటుందో వెతుకుతూ థామస్ సుడాఫ్ బృందం 1992లో కనుక్కుంది. రెండు నాడీకణాలు మాట్లాడుకునే కూడలి దగ్గర ఇవి కాపలా ఉంటాయి. నాడీకణాల మీద చేసిన కృషికి సుడాఫ్‌కు 2013లో నోబెల్ వచ్చింది.

అరచేతిలో ముడుచుకున్న బొటనవేలు

పట్టు జారితే ఏమవుతుందో ఎల్1 చెబుతుంది. ఈ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో లోపం ఉంటే ఎక్కువగా మగపిల్లలే దెబ్బతింటారు. సుమారు 30,000 మగబిడ్డల్లో ఒకరికి ఈ జబ్బు వస్తుందని అంచనా. తలలో నీరు చేరి తల పెద్దదవుతుంది. కాళ్లు బిగుసుకుపోతాయి. మెదడు కుడి ఎడమ భాగాలను కలుపుతూ దాదాపు 20 కోట్ల నాడీ పోగుల వంతెన ఒకటి ఉంటుంది. కొందరిలో అది పలచబడుతుంది, కొందరిలో అసలే ఏర్పడదు. చాలామంది పిల్లల్లో ఇంకో గుర్తు కనిపిస్తుంది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంటుంది, తెరిచినా తెరుచుకోదు.

ఇలాంటి బిడ్డ పుడితే మన ఊళ్లలో ముందు వినపడే మాట 'మేనరికం'. దగ్గరి సంబంధాల వల్ల పెరిగే జన్యు జబ్బులు ఉన్నమాట నిజమే. ఈ జబ్బుకు మాత్రం మేనరికంతో పని లేదు. తల్లికి తెలియకుండానే ఆమెలో ఉన్న జన్యువు కొడుకుకు అందుతుంది. అలాంటి తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ముందే తెలిస్తే తర్వాతి కాన్పుకు పరీక్ష చేయించుకోవచ్చు. అలాంటి జన్యు పరీక్షలూ సలహాలూ మనకు దూరం కాదు. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ వంటి సంస్థలు ఈ పని చేస్తున్నాయి.

గ్లాసు నుంచి గర్భం దాకా

ఎల్1 లోపం అరుదు. అయితే దాన్ని పరిశీలించిన ఒక డాక్టర్‌కు అంతకంటే పెద్ద సంగతి తోచింది. గర్భంలో మద్యం తాకిడికి గురైన పిల్లల మెదళ్లను, ఎల్1 లోపంతో పుట్టిన పిల్లల మెదళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే పోలికలు కనిపించాయి. అదే వంతెన లోపం, అలాగే తప్పిన దారులు. ఆ డాక్టరే అమెరికాకు చెందిన మైకేల్ చార్నెస్. ఆయన, సహచరులు కలిసి మనిషి ఎల్1 ఉన్న కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటికి ఆల్కహాల్ కలిపి చూశారు. ఒకటి రెండు డ్రింకులు తాగినవాళ్ల రక్తంలో ఉండేంత మోతాదుకే కణాల పట్టు సడలింది. 1990ల మధ్యలో వచ్చిన ఈ ఫలితం తర్వాత ఎన్నో పరిశోధనలకు దారి తీసింది. మద్యం దెబ్బ ఒక్క ఎల్1 మీదే కాదు, కణాలు చనిపోవడం, ఎదుగుదల ఆగడం లాంటి దారులు ఇంకా ఉన్నాయి. కానీ ఈ దారి మాత్రం చాలా తక్కువ మోతాదుకే తెరుచుకుంటుంది.

తల్లి తాగిన ఆల్కహాల్ మాయను దాటుకొని బిడ్డ రక్తంలో చేరుతుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి ఆ చిన్న కాలేయానికి ఇంకా రాదు. ఫ్రాన్స్‌లో లెమ్వాన్ 1968లో, అమెరికాలో జోన్స్, స్మిత్ 1973లో ఇలాంటి పిల్లల లక్షణాలను వివరించారు. చిన్న తల, పలచటి పై పెదవి, ముక్కుకూ పెదవికీ మధ్య గాడి లేని నునుపు. ముఖంలో ఏ గుర్తూ లేకుండా పుట్టేవాళ్లే ఎక్కువ. వాళ్లు బడికి వెళ్లాక బయటపడతారు. కుదురుగా కూర్చోలేడు, చెప్పింది గుర్తుండదు, లెక్కలు రావు. సారు 'మొద్దు' అంటాడు, ఇంట్లో 'మొండి' అంటారు. గర్భంలో మోకు జారిందని ఎవరికీ తోచదు.

మన దగ్గర ఇది అంకెల్లోనూ కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది మద్యం తాగుతారు. పల్లెల్లో అది 9 శాతం. దేశ సగటుతో పోలిస్తే ఇది ఎక్కువే. అయితే ఈ అంకెను చూసి ఆడవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. తెలంగాణలో కల్లు పండుగలో ఉంది, బోనాల సాకలో ఉంది, చుట్టం వచ్చిన ఇంటి మర్యాదలో ఉంది. పొద్దంతా ఒంగి నాటు వేసిన నడుముకు ఇంకో మందు దొరకని బతుకులో ఉంది. చెట్టు మీద లొట్టిలోకి ఊరిన తియ్యటి నీరా కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. అప్పుడు అందులో ఐదు శాతం అటూ ఇటూ ఆల్కహాల్ ఉంటుంది. బీరుకూ దీనికీ పెద్ద తేడా లేదు. 'కల్లు మందు కాదు, చెట్టు పాలు' అనే నమ్మకంతో తల్లి తాగుతుంది, బిడ్డకు మాత్రం ఆల్కహాలే చేరుతుంది.

> కల్తీ కల్లు: మానేటప్పుడూ జాగ్రత్త
>
> చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నచోట పొడి కల్లు పుడుతుంది. అల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో అధికారులు దాడులు పెంచి సరఫరా ఆగిపోయినప్పుడు పాలమూరు, నిజామాబాద్ ప్రాంతాల్లో ఎంతోమంది ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రుల్లో చేరారు.
>
> గర్భిణి ఈ మత్తుకు అలవాటు పడి ఉంటే బిడ్డ మగతగా, ఒళ్లు వదులుగా పుట్టవచ్చు, పాలు సరిగా తాగకపోవచ్చు.
>
> రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోవాలి. గర్భిణుల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఎముకలు చెప్పాయి, మెదడు చెప్పలేదు

నల్లగొండ పేరు ప్రపంచ వైద్య పుస్తకాలకు ఎక్కింది నీళ్ల వల్ల. ఇక్కడి గ్రానైటు రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. వాన తక్కువ, బోర్లు లోతు. ఏళ్ల తరబడి రాయిని ఒరుసుకుంటూ నిలిచిన నీళ్లలోకి అది దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఈ జిల్లాలో కొన్ని బావుల్లో 10 మిల్లీగ్రాములకు పైగా నమోదైంది. పళ్ల మీద పసుపు గారలు, వంగిన కాళ్లు, బిగుసుకున్న వెన్నెముక. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఒక తరం మొత్తం ఆ నీళ్లకు ఒంగిపోయింది. శివన్నగూడకు చెందిన అంశల స్వామి ఆ బాధకు ముఖమై, తన ఒంకర ఒంటినే సాక్ష్యంగా చూపుతూ పోరాడి 2023 జనవరిలో కన్నుమూశారు.

ఎముక వంగితే కంటికి కనిపిస్తుంది. అందుకే పోరాటం పుట్టింది, పైపులు వచ్చాయి. మెదడుకు ఏమైందో ఎవరు చూడాలి?

ఫ్లోరైడ్ కూడా మాయను దాటగలదు. చైనాలో 2007లో శాస్త్రవేత్తలు ఎలుక మెదడులో జ్ఞాపకాలకు ఆయువుపట్టు అయిన హిప్పోక్యాంపస్ కణాలను పెంచి, వాటికి ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. అక్కడ ఎన్‌క్యామ్ తయారీ తగ్గినట్టు కనిపించింది. అది గాజు పాత్రలో ఎలుక కణాల సంగతి. దాన్ని పట్టుకొని మన పిల్లల మీద తీర్పు చెప్పకూడదు. అయితే మనుషుల నుంచి కూడా హెచ్చరికలు వస్తున్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో ఒక పెద్ద సమీక్ష విడుదల చేసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్నచోట పెరిగిన పిల్లల్లో తెలివితేటల కొలత తక్కువగా ఉంటోందని, ఈ మాటను ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమని అందులో తేల్చింది. తక్కువ మోతాదుల గురించి చెప్పడానికి ఆధారాలు చాలవని కూడా అన్నది.

వాళ్లు గీసిన ఆ 1.5 గీత నల్లగొండకు కొత్త కాదు. ఆ గీతకు ఎన్నోరెట్లు పైన దశాబ్దాలు బతికిన నేల ఇది. ఎముకల మీద ఇక్కడ జరిగినంత పరిశోధన పిల్లల చదువు మీద, జ్ఞాపకశక్తి మీద కూడా జరగాలి. జరిపే వసతి ఇప్పుడు ఇక్కడే ఉంది. ఉమ్మడి నల్లగొండ గడ్డ మీద బీబీనగర్‌లో ఎయిమ్స్ నిలబడింది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి.

> నల్లగొండ నీళ్ల నడక
>
> 1937: మద్రాసు ప్రెసిడెన్సీలోని నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు గుర్తించి ప్రచురించారు. దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి నివేదికల్లో అది ఒకటి.
>
> 1955: నల్లగొండ ఫ్లోరోసిస్ మీద డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.
>
> 1970లు: పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అంటుంది.
>
> 1996: నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలోకి దిగారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది.
>
> 2015: చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వెలిసింది. నదుల నీళ్లు ఇంటింటికీ తెచ్చే పని మొదలైంది.

భగీరథ నీళ్లు వచ్చాక మునుపటి భయం తగ్గింది. కానీ పైపు పగిలిన రోజు, పొలం దగ్గర, ఇటుక బట్టీ దగ్గర, వలసపోయిన చోట మళ్లీ బోరు నీళ్లే గతి. పాలమూరు కూలీ బిడ్డను కడుపులో మోస్తూ ఏ ఊరి నీళ్లు తాగుతుందో ఏ రికార్డులోనూ ఉండదు. ఇంకో మాట గుర్తుంచుకోవాలి. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో అది చిక్కబడుతుంది.

గ్రహణం మీద నేరం మోపిన భాష

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మనం 'గ్రహణం మొర్రి' అంటాం. గ్రహణం రోజు తల్లి కదిలిందనో, కత్తి పట్టిందనో నిందంతా ఆ మాటలోనే ఉంది. నిజానికి పిండం ముఖంలో రెండు పక్కల నుంచి పెరిగే భాగాలు ఆరో ఏడో వారానికి కలిసి అతుక్కోవాలి. అతుకు కుదరకపోతే చీలిక మిగులుతుంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. వెనిజులాలోని మార్గరీటా దీవిలో తరతరాలుగా కనిపించిన ఒక రకం మొర్రికి, నెక్టిన్ అనే పట్టు ప్రొటీన్ లోపమే మూలమని 2000 సంవత్సరంలో తేలింది. చంద్రుడు చేసిందేమీ లేదు, తల్లి చేసిందీ లేదు.

ఆటిజం సంగతీ అంతే. కూడలి దగ్గర కాపలా ఉండే న్యూరోలిజిన్ అనే పట్టు ప్రొటీన్లలో మార్పులు కొన్ని కుటుంబాల్లో ఆటిజానికి దారితీశాయని 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆటిజం అంతటికీ అదే కారణం కాదు. కానీ 'నువ్వు ఫోను చూపించావు, ఒళ్లో వేసుకొని మాట్లాడలేదు' అంటూ తల్లిని పొడిచే నోళ్లు మూయించడానికి ఆ ఒక్క సంగతి చాలు. మాట రాని మూడేళ్ల బిడ్డను చంకనేసుకొని దర్గాకూ గుడికీ తిరిగే తల్లికి నింద తోడైతే, డాక్టర్ దగ్గరికి పోయే ఆ కొంచెం ఓపికా కరిగిపోతుంది.

కల్లు గురించి చెబుతూ నింద గురించి ఎందుకు అంటే, ఈ రెండూ కలిసే నడుస్తాయి. 'నువ్వు తాగావు కాబట్టే' అన్న మాట భయంతో తల్లి డాక్టర్ ముందు నిజం దాస్తుంది. దాచిన నిజం బిడ్డకు సాయం అందనీయదు. తాగవద్దని చెప్పాలి, తాగినామెను దగ్గరికి తీసుకొని చెప్పాలి.

నెల తప్పకముందే మొదలయ్యే పని

మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన గొట్టం మొదట ఒక పరిచిన చాపలా ఉంటుంది. అంచులు పైకి లేచి, ఒకదానికొకటి చేరువై, అతుక్కుని గొట్టమవుతాయి. చర్మం వైపు ఉండే కణాలు ఒక రకం క్యాడ్‌హెరిన్‌ను, మెదడు వైపు కణాలు ఇంకో రకాన్ని తొడుక్కుంటాయి. ఆ తేడాతోనే రెండు వర్గాలూ విడిపోతాయి. ఇదంతా గర్భం నిలిచిన 28 రోజుల్లో ముగిసిపోతుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకే. చాలామంది ఆసుపత్రికి వెళ్లకముందే, ఇంట్లో చెప్పకముందే గొట్టం మూసుకుపోయి ఉంటుంది, లేదా మూసుకోకుండా మిగిలి ఉంటుంది.

ఇక్కడ కాపాడేది ఒక చిన్న మాత్ర. ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1940ల్లో వేసినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లేలో ఆయన బృందం. అంతకుముందు 1930ల మొదట్లో బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టర్ గర్భిణుల రక్తహీనతను తగ్గించే పదార్థం కోసం వెతికింది. ఆ వెతుకులాటే చివరికి ఈ విటమిన్ దగ్గరికి చేర్చింది. గొట్టం మూసుకోని బిడ్డను ఇంతకుముందు కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఇది వేసుకుంటే, మళ్లీ ఆ ముప్పు దాదాపు 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధన నిరూపించింది.

తెలుగువాడి చేతి మీదుగా వచ్చిన ఆ మాత్ర ఇవాళ ఆశా కార్యకర్త సంచిలో ఉంది. అది నోట్లో పడాల్సింది మాత్రం పెళ్లి ఫొటోలు ఆల్బమ్‌కు ఎక్కే రోజుల్లోనే. కొత్త కోడలికి పట్టుచీర పెట్టేటప్పుడే ఆ మాత్రా చేతిలో పెట్టే అలవాటు మన ఇళ్లలో రావాలి.

> గర్భిణి ఉన్న ఇంట్లో
>
> ఒకటి: బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే డాక్టర్ సలహాతో ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు.
>
> రెండు: కల్లు, సారా, బీరు ఏదైనా గర్భిణికి వద్దు. ఇంతవరకు పర్వాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదు.
>
> మూడు: తాగడానికే కాదు, వంటకూ నల్లా నీళ్లే వాడాలి. పనికి పోయేటప్పుడు ఇంటి నుంచే సీసాతో పట్టుకుపోవాలి.
>
> నాలుగు: పాలు, పెరుగు, రాగి జావ, మునగాకు తినాలి. వీటిలోని కాల్షియం ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది.
>
> ఐదు: ఫిట్స్ మందులు, నిద్రమాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. గర్భం అనుకోగానే డాక్టర్‌కు చెప్పాలి.

పుట్టిన బిడ్డకూ పట్టు దొరుకుతుంది

ఈ కథనం చదువుతూ ఒక తల్లి గుండె గుభేల్‌మని ఉండవచ్చు. 'నేను తాగాను కదా, నా బిడ్డ సంగతేమిటి?' అని. ఆమెకు చెప్పాల్సిన మాట ఉంది. తాగిన తల్లులందరి పిల్లలూ దెబ్బతినరు. ఈ రోజు మానినా, మానిన రోజు నుంచి కడుపులో కణాలకు మేలే. పుట్టిన తర్వాత కూడా పట్టు ప్రొటీన్లు పని మానవు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, కొత్త సంగతి నేర్చుకుని గుర్తుంచుకోవడానికి కూడా ఎన్‌క్యామ్, ఎల్1 అవసరమని తేలింది. మెదడు కూడళ్లు జీవితమంతా ఊడి మళ్లీ కట్టుకుంటూనే ఉంటాయి. తొలి ఏళ్లలో ఆ కట్టుబడి మరీ జోరుగా సాగుతుంది.

అందుకే బిడ్డ మెడ నిలపడం ఆలస్యమైనా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా 'వాళ్ల నాయన గూడ ఆలస్యంగనే మాట్లాడిండు' అని ఊరుకోకూడదు. అంగన్‌వాడీకీ బడికీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లకు చూపించాలి. వాళ్లు జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. మాట నేర్పేవాళ్లు, కాళ్లూ చేతులకు వ్యాయామం చేయించేవాళ్లు అక్కడ దొరుకుతారు. ఆ కేంద్రాల్లో నిపుణుల ఖాళీలు ఉంటే నింపమని అడగడం ఊరి సర్పంచ్ నుంచి ఎమ్మెల్యే దాకా ప్రతి ఒక్కరి బాధ్యత. 480 మందిని బరిలోకి దింపి నీళ్లు అడిగిన జిల్లాకు అడగడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

గీత కార్మికుడి బతుకు మీద రాయి వేయడం ఈ మాటల ఉద్దేశం కాదు. మోకు జారి చెట్టు మీంచి పడ్డ గౌడన్నల కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో ఎన్ని లేవు? పట్టు విలువ వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే ఈ మాట వాళ్ల నోటి నుంచే రావాలి. కల్లు దుకాణం ముందు ఒక బోర్డు కంటే, 'నీళ్లాడే మనిషివి, నీకు పోయనమ్మా' అని గౌడన్న అనే ఒక్క మాట ఎక్కువ పనిచేస్తుంది.

ఆ రోజు దేవరకొండ దారిలో గౌడన్న చెట్టు దిగేసరికి భుజాన లొట్టి ఉంది. చేతిలో ఒక గెల కూడా ఉంది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. కత్తితో కాయ కొట్టి, లేత ముంజలు తాటాకు దొన్నెలో వేసి ముందుగా కడుపుతో ఉన్న పిల్ల చేతికిచ్చాడు. ఆమె బొటనవేలితో ముంజను నొక్కి నోట్లో వేసుకుంది. చల్లటి నీళ్లు గొంతు దిగుతుంటే కళ్లు మూసుకుంది.

"సల్లగుందా బిడ్డా?" అని అడిగింది పెద్దావిడ.

తలూపింది. పక్కన పెట్టిన సగం గ్లాసు వైపు మళ్లీ చేయి చాపలేదు.